వంతెన ఆఫీసుకు శనివారం పట్టీ

విళంబి, చైత్ర బహుళ తదియ, శనివారం

ముందు అందరి ఒళ్ళూ. నా మోకాళ్ళు పొద్దున బాగానే ఉన్నాయి, పొయ్యి ముందు కూర్చుని లేచేసరికి మళ్ళీ పట్టేశాయి. మరిది సూరన్న దగ్గు తగ్గలేదు. తగ్గిందంటాడు, గోడవతల నుంచి నాకు వినిపిస్తూనే ఉంది. కోడలు రత్నానికి ఏడో నెల. కాళ్ళకు నీరు దిగింది. మెట్టెలు బిగిసిపోయాయి, తీయమంటే తీయదు. అబ్బాయి నాగేశ్వరం మొహం పడవ మీద ఎండకు కమిలిపోయింది. గేదె నిన్నటినుంచి సరిగా మేయడం లేదు. ఇటుకల బట్టీ ఒక్కటే ఆరోగ్యంగా ఉంది, పొగ తిన్నగా లేస్తోంది... అనకూడదు. అన్నాను. ఇంకేం వస్తుందో.

పట్టీ రాసే రోజు ఇది. రైలు వంతెనకు మన ఇటుక పోవడం మొదలయ్యాక వచ్చిన పీడ. ఇటుక ఇచ్చే ప్రతి బట్టీ నుంచీ శనివారం శనివారం కొవ్వూరులో వంతెన ఆఫీసుకు పట్టీ చేరాలి. పనిచేసే ప్రతి మనిషి పేరు, తండ్రి పేరో మొగుడి పేరో, వయసు, ఏయే రోజులు పనిచేసిందీ, ఎంత ఇచ్చిందీ. పట్టీ రాకపోతే పడవలోని ఇటుక దింపనివ్వరు. అబద్ధపు పట్టీ అయితే బట్టీ పేరే కొట్టేస్తారు.

మేస్త్రీ అప్పలస్వామి జతల లెక్క చెప్పాడు, నేను రాశాను. మొగుడు మన్ను తొక్కి అచ్చు వేస్తాడు, పెళ్ళాం పచ్చి ఇటుక మోసి ఆరబెడుతుంది. ఇద్దరూ కలిసి ఒక జత. కూలి జతకు. మొగుడి చేతిలో పెడతాం. మా మామగారి నాటినుంచీ అంతే. అందుకే జతకో వరుస, మొగుడి పేరు మీద.

అడుగున యజమాని పేరు రాసే చోటు మాత్రం సూరన్న రాశాడు. ఫలానావారి భార్య అని రాయాలి కదా. ఆయన పేరూ పట్టిసీమ స్వామి పేరూ ఒకటే. ఆ దేవుణ్ణి కూడా నేను పట్టిసీమ స్వామీ అనే పిలుస్తాను, పేరు పెట్టి కాదు. ఆయన పోయినా నోరు రాదు. వేలూ రాదు.

"నీ మొగుడి పేరు రాయడానికి ఈ మరిదిని ఎన్నాళ్ళు బతికించుకుంటావు వదినా," అన్నాడు. దగ్గుతూ నవ్వాడు. అశుభం మాటలు.

పంచమి, సోమవారం

పడవ వెళ్ళి వచ్చింది. పట్టీ తీసుకున్నారట, ఏమీ అనలేదట. ఏమీ అనలేదంటే బాగున్నట్టా, చదవనట్టా?

పడమట మబ్బు. పచ్చి ఇటుక అంతా బయటే ఉంది. తాటాకులు కప్పించాను. చినుకు పడలేదు.

సప్తమి, బుధవారం

పోలమ్మ కాలు.

కాలిన ఇటుక దింపుతుంటే పేర్పు ఒరిగిపోయింది. ఎడమ పాదం మీద. వేడి ఇంకా చల్లారనే లేదు. కేక వేయలేదు. అదే నాకు భయం వేసింది, కేక వేయకపోవడం. గంగయ్య — దాని మొగుడు — పరుగెత్తి వచ్చి చేతులతోనే ఇటుకలు తోసేశాడు. వాడి అరచేతులూ బొబ్బలెక్కాయి. పసుపు, ఆముదం పెట్టాం. పాదం ఆకారం మారిపోయింది. చూడలేక రత్నాన్ని లోపలికి పొమ్మన్నాను. కడుపుతో ఉన్న పిల్ల. చూసే ఉంటుంది.

అష్టమి, గురువారం

పడవలో పోలమ్మను పడుకోబెట్టి నేనూ వెళ్ళాను. వంతెన పనివాళ్ళకు కొవ్వూరు గట్టున ఆసుపత్రి పాక ఉంది. బట్టీల మనుషులకూ అక్కడే చూస్తారని ఉత్తరువులోనే ఉందట. కట్లు కట్టే డ్రెస్సరు శామ్యూలు, మిషను సంఘం అబ్బాయి, మెత్తనివాడు. పాదం అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇప్పుడు రోజూ కడిగి కట్టు కడితే నిలుస్తుందండి, వదిలేస్తే రాజమండ్రి తీసుకువెళ్ళి కాలు తీయించుకోవలసి వస్తుందండి, అన్నాడు. పాకలో ఉంచుకోవాలంటే పట్టీలో పేరు చూడాలన్నాడు. గుమాస్తా దగ్గరికి పంపాడు.

గుమాస్తా పట్టీ తీశాడు. వేలు పైనుంచి కిందకు దిగింది, మళ్ళీ పైకి వెళ్ళింది.

"ఈ మనిషి ఇందులో ఎక్కడుందమ్మా?"

"గంగయ్య అని ఉంది చూడండి. ఆ వరుసలో ఇద్దరూ ఉన్నారండి."

"ఒక వరుసలో ఇద్దరెలా పడతారు?"

"ఒక పాకలో ఉంటారు కదండీ."

నవ్వలేదు. పట్టీ అంతా చూశాడు. మీ బట్టీలో ఆడవాళ్ళు ఎందరు పనిచేస్తారు, అని అడిగాడు. చెప్పాను. చెప్పాక తెలిసింది ఏం చెప్పానో. "అంటే ఇన్ని శనివారాలూ సగంమందిని దాచారన్నమాట."

దాచడమేంటి. పట్టపగలు ఇటుక మోస్తున్న మనుషులను ఎవరు దాస్తారు. ఆ మాట పడవెక్కాక తోచింది.

శామ్యూలు ఒక కట్టు కట్టి పంపేశాడు. పేరు లేని మనిషిని ఉంచితే నా ఉద్యోగం పోతుందండి మామ్మగారూ, అన్నాడు. తిరుగు పడవలో పోలమ్మ తల నా ఒళ్ళో. "నేను పట్టీలో లేనా అమ్మగారూ?" అంది. నీళ్ళ వైపు చూశాను.

నవమి, శుక్రవారం

అప్పలస్వామి ఉపాయం తెచ్చాడు. పోలమ్మ ఒక్కదాని పేరే రాయండి, ఈ వారమే కొత్తగా పనిలో చేరిందని రాయండి, ఒక్క వరుసతో పోతుంది, అంటాడు. మిగతా ఆడవాళ్ళ సంగతి ఎత్తొద్దంటాడు. గుమాస్తాకు చెప్పేశానయ్యా, అన్నాను. నెత్తి కొట్టుకున్నాడు. "ముసలమ్మను ఒక్కదాన్నీ పంపకూడదని అప్పుడే అనుకున్నానండి." నా ఎదుటే అన్నాడు.

అందరి పేర్లూ రాస్తే ఇంతకు ముందు పట్టీలన్నీ అబద్ధమని నేనే ఒప్పుకున్నట్టు. బట్టీ పేరు కొట్టేస్తారు. కాలిన ఇటుక ఇంత, ఎవరు కొంటారు? ఈ జతలన్నీ ఎక్కడికి పోతాయి? రాయకపోతే పోలమ్మ కాలు.

కట్టు వాసన వేస్తోంది.

సూరన్నను అడిగాను. "నన్నడిగితే ఏం లాభం వదినా, నేను పట్టీలో లేను." ఎప్పుడూ ఇంతే. రత్నం మాత్రం తలుపు దగ్గర నిలబడి మెల్లిగా అంది — "మీ పేరూ అంతే కదా అత్తయ్యా. మామయ్యగారి పేరు తరవాతే మీరు." ఏడో నెల కడుపుతో ఉన్న ఆడపిల్లలకు మాట తిన్నగా వస్తుంది కాబోలు. తిట్టాలనుకున్నాను. మజ్జిగ ఇచ్చాను.

దశమి, శనివారం

రాశాను. అందరినీ.

పొద్దున బట్టీ పక్కన పాకలో కూర్చుని ఆడవాళ్ళను ఒక్కొక్కరినే పిలిచాను. తమ పేరు చెప్తారు, వయసు తోచింది చెప్తారు. మొగుడి పేరు దగ్గర ఆగిపోతారు. నాకు తెలియదా. అయినా మేస్త్రీ చెప్పిన పేరు రాస్తే మళ్ళీ ఏ తప్పు వస్తుందో, వాళ్ళ ఎదుటే సరిచూసుకోవాలి.

సింహాచలాన్ని అడిగాను, మీ ఆయన పేరేమిటే అని.

"మా అత్త కొడుకండి."

"మీ అత్తకు ఎంతమంది కొడుకులే?"

"నాకు ఒక్కడేనండి."

అందరూ పడీ పడీ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. పోలమ్మ మూలుగు వినిపించి అందరం ఆగిపోయాం.

చివరికి మొగుళ్ళను పిలిచి నిలబెట్టాను. ఎవరి పేరు వాళ్ళు చెప్పుకున్నారు, పెళ్ళాలు పక్కన తలవంచుకు నిలబడ్డారు. నూకాలుకు మొగుడు లేడు, చెప్పేవాళ్ళూ లేరు. తండ్రి పేరు రాయండి అమ్మగారూ, అది నోరారా చెప్తాను, అంది. నిజమే. తండ్రి పేరో మొగుడి పేరో అనే ఉంది ఉత్తరువులో. మరి నేనెందుకు మొగుడి పేర్ల కోసం పొద్దున్నుంచి ఇంత అవస్థ పడ్డాను?

తరవాత ఎంత ఇచ్చిందీ అనే చోటు. కలం ఆగిపోయింది. కూలి జతది. ఆడమనిషి వరుసలో ఏం రాయను? సగం రాశాను. రాశాక మళ్ళీ భయం. సగం ఇచ్చానని రాసి మొత్తం మొగుడి చేతిలో పెడితే అదీ అబద్ధపు పట్టీయే కదా. ఒక అబద్ధం దిద్దబోయి ఇంకొకటి.

అందుకని ఆడవాళ్ళ కూలి ఆడవాళ్ళ చేతిలోనే పెట్టాను.

మగవాళ్ళు గొణిగారు. ఒకడు పైకే అన్నాడు, పెళ్ళాం చేతిలో కూలి పెట్టి మా పరువు తీస్తారేంటండి అని. ఉత్తరువు అట్లా ఉంది నాయనా, అన్నాను. ఉందో లేదో నాకు తెలియదు. సింహాచలం డబ్బు కొంగున ముడి వేసుకుని, ముడి విప్పి చూసుకుని, మళ్ళీ వేసుకుంది. పోలమ్మ భాగం దాని తలగడ కింద పెట్టాను. గంగయ్య ఆ వైపు చూడలేదు. బొబ్బల చేతులతో దానికి గంజి పడుతున్నాడు.

అడుగున రెండు మాటలు రాశాను. ఇంతకు ముందు పట్టీల్లో జతకు ఒక పేరే రాశాము, అది మా వాడుక, దాచింది లేదు, అని.

యజమాని చోటు దగ్గరికి వచ్చేసరికి సూరన్నకు దగ్గు తెర వచ్చి పడుకున్నాడు. పడవ కట్టు విప్పేస్తున్నాడు నాగేశ్వరం, ఎండెక్కుతోంది అమ్మా అంటూ. మా నాన్నగారి పేరు రాసి, ఆయన కూతురినని రాసి, నా పేరు రాశాను. ఒత్తు సరిగా పడిందో లేదో. మా ఇంటాయన ఏమనుకుంటారో. బతికుంటే ఏమనేవారో కూడా తెలియడం లేదు.

పోలమ్మనూ అదే పడవలో పంపాను. గంగయ్య తోడు వెళ్ళాడు.

ఏకాదశి, ఆదివారం

నాగేశ్వరం రాలేదు. గట్టు మీదికి వెళ్ళి చూశాను. ఎన్నో పడవలు. మనది లేదు.

ఉపవాసం. నీళ్ళు కూడా సరిగా దిగలేదు.

ద్వాదశి, సోమవారం

వచ్చాడు. ఇటుకతోనే వచ్చాడు. దింపనివ్వలేదు.

ఒక్కో మాటా అడిగి రాబట్టాను. గుమాస్తా కొత్త పట్టీ, పాత పట్టీలు పక్కపక్కన పెట్టుకుని, వంతెన కట్టించే దొర గదిలోకి వెళ్ళాడట. తిరిగి వచ్చి, ఏది నిజమో దొరే స్వయంగా బట్టీకి వచ్చి చూస్తారన్నాడట. తలలు లెక్కపెడతారట. ప్రతి ఆడమనిషినీ విడిగా అడుగుతారట — పేరేమిటి, కూలి ఎవరి చేతికి వచ్చింది అని. అందాకా ఇటుక వద్దు.

పోలమ్మను మాత్రం పాకలో చేర్చుకున్నాడు శామ్యూలు. పట్టీలో పేరుంది కదండీ, తప్పో ఒప్పో తేలేదాకా ఉంచుతాను, అన్నాడట. వేళ్ళు రెండు నల్లబడ్డాయట. మడమ మంచిదేనట. కొత్త పట్టీ అబద్ధమని దొర అంటే ఆ రోజే బయటికి.

మడమ మంచిదే. ఇది రెండుసార్లు చెప్పించుకున్నాను.

త్రయోదశి, మంగళవారం

అప్పలస్వామి మళ్ళీ. ఈసారి కూర్చున్నాడు, గొంతు తగ్గించాడు. దొర వచ్చే రోజున ఆడవాళ్ళందరినీ పడవలో ఏటి నడుమ లంక మీదికి పంపేద్దాం అంటాడు. బట్టీలో మగవాళ్ళే ఉంటారు. పాత పట్టీలకు సరిపోతుంది. కొత్త పట్టీ ముసలమ్మ మతి లేక రాసిందని చెప్తే దొర నవ్వి వెళ్ళిపోతాడు, ఇటుక దిగుతుంది. మగవాళ్ళు అప్పుడే ఒప్పుకున్నారట. పోయిన శనివారం కూలి సంగతి వాళ్ళ కడుపులో ఉంది.

"మరి పోలమ్మ?" అన్నాను.

"ఒక్క మనిషి కోసం ఇన్ని పొయ్యిలు ఆర్పుతారా అమ్మగారూ?"

తప్పు మాటా అది? కాదు. అదే నన్ను తినేస్తోంది. నాగేశ్వరం కూడా ఏమీ అనలేదు. వాడు ఏమీ అనలేదంటే మేస్త్రీ వైపే. పుట్టబోయే బిడ్డ వాడిది, బట్టీ రేపు వాడిది.

ఆలోచించి చెప్తానన్నాను.

అమావాస్య, బుధవారం (చతుర్దశి క్షయం)

రత్నం కాళ్ళ నీరు కొంచెం తీసింది. గేదె మేసింది. సూరన్న ఇవాళ లేచి గట్టుదాకా నడిచాడు. ముసలమ్మ మతి లేక రాసిందని నేను చెప్పను వదినా, అడిగితే నిద్రపోతున్నానంటాను, అన్నాడు. వాడు ఇవ్వగలిగిన ధైర్యం అంతే.

మధ్యాహ్నం సింహాచలం, నూకాలు, ఇంకో ఇద్దరు పెరటి వైపు నుంచి వచ్చారు. లంక మాట వాళ్ళకు తెలిసిపోయింది. మొగుళ్ళు చెప్పారట, ఆ రోజు పొద్దున్నే పడవ ఎక్కాలని. ఎక్కకపోతే వీపు చీరేస్తామన్నారట కూడా. ఎవరూ ఏమీ అడగలేదు నన్ను. నేనూ ఉండమనలేదు, పొమ్మనలేదు. వాళ్ళు కాసేపు రత్నం కాళ్ళు చూసి, మునగాకు ఉడకబెట్టి కట్టమన్నారు.

వెళ్ళబోతూ నూకాలు గుమ్మం దగ్గర ఆగింది. "దొర అడిగినప్పుడు కూచుని చెప్పాలా, నిలబడి చెప్పాలా అమ్మగారూ?"

నిలబడే, అన్నాను.

సింహాచలం కొంగు ముడి తడుముకుంది.

వైశాఖ శుద్ధ పాడ్యమి, గురువారం

కొవ్వూరు నుంచి ఆఫీసు మనిషి వచ్చి కబురు చెప్పి వెళ్ళాడు. ఆడవాళ్ళను లంకకు చేర్చే పడవ కూడా మేస్త్రీ ఆ పొద్దుకే మాట్లాడి పెట్టుకున్నాడు. దొర వచ్చేది పంచమి, సోమవారం, ఎండెక్కకముందే.