అల్లుడి చానెల్, మామ అనుమానం

నెక్కొండ,
ఆదివారం

అల్లుడు శేఖర్‌కు మామ సాంబయ్య సగం ఆశీర్వాదం పంపి రాస్తున్నది. మిగిలిన సగం నీ జవాబు చూసి పంపుత.

ఇక్కడ అందరం బాగనే ఉన్నం. బెల్లం దుకాణం సుత మంచిగనే నడుస్తాంది. నా మనసే మంచిగ లేదు. నిన్న ఎరువుల దుకాణం గోపాల్ వచ్చి, "సాంబన్నా, నీ అల్లుడు హనుమకొండ కాలేజీల ఎకనామిక్స్ సారే గదా? మరి గిదేంది?" అని ఫోన్ నా ముందల పెట్టిండు. చూస్తె ఏముంది! నెత్తికి తువ్వాల చుట్టుకొని, కూరగాయల మార్కెట్ల నిలబడి, "కిలో ఇరవై! కిలో ఇరవై!" అని ఒర్లుతానవు. బెల్లం దిమ్మెల మీదనే కూలబడ్డ.

నిజం చెప్పు అల్లుడా. నౌకరి పోయిందా? పోతె పోయిందని చెప్పు, ఫికర్ లేదు. కాని దాచిపెట్టి టమాటలు అమ్ముడేంది? అది అమ్ముడు గాదు, పాఠం అంటాండు గోపాల్. ఎవరన్న చూడొచ్చట, పైస సుత తీసుకోవట. గది నాకు ఇంకింత అనుమానం. ఇన్నేండ్ల సంది దుకాణంల కూసున్న. ఊరికె ఇచ్చేటోని ఎనుక ఏదో ఒక కిరికిరి లేకుంట నేను చూడలే.

ఫోన్ చేసి అడగచ్చు గద అంటవు. చెయ్య. మొన్న మీరు కొనిచ్చిన ఫోన్ల గానుగ సంగతి మాట్లాడితె, పొద్దుగూకేసరికి దాంట్ల అన్ని గానుగల బొమ్మలే. అది చెవులు పెట్టి వింటాంది. అందుకె ఉత్తరం.

ఇట్లు,
నీ మామ సాంబయ్య

మళ్లా ఒక మాట: ఈ ముక్క వినోదకు. అల్లుడా, నువ్వు చదవకు. బిడ్డా, కష్టంల ఉంటె నోరు తెరిచి చెప్పకు. జవాబు కాగితం మూలకు జరంత పసుపు పుయ్యి. నేను సమజ్ చేసుకుంట.

•

హనుమకొండ,
బుధవారం

మామగారికి, అందిన సగం ఆశీర్వాదానికి పూర్తి నమస్కారం.

నౌకరి ఉంది. కాకపోతే నాది కాంట్రాక్టు అని మీకు తెలుసు, ఏటేటా పొడిగిస్తేనే ఉంటుంది. పాఠాలు చెప్పడానికి సోషల్ మీడియాను ఎవరు పనికొచ్చేలా వాడుతున్నారో ఈసారి కమిటీ వచ్చి చూస్తుందట. వచ్చే వారం శుక్రవారం నా వంతు. పొడిగింపు దాని మీదే ఆధారపడి ఉంది.

కానీ నేను చానెల్ పెట్టింది కమిటీ కోసం కాదు. పత్తి తీసే రోజుల్లో మా క్లాసులో సగం బెంచీలు ఖాళీ, పిల్లలు చేన్లలో ఉంటారు. మొదట నోట్సు ఫోటోలు తీసి గ్రూపులో పెట్టాను. ఒక్కరూ తెరవలేదు. ధర పెరిగితే గిరాకీ ఎంత తగ్గుతుందో మార్కెట్లో నిలబడి టమాటాలతో చెబితే, మధు అనే కుర్రాడు చేనుగట్టు మీద కూర్చొని చూసి అడిగాడు: "సార్, టమాట పిరమైతె మా అవ్వ చింతపండు పోస్తది. ఉప్పు పిరమైతె ఏమేస్తది?" ఇలాంటి ప్రశ్న కోసం నేను క్లాసులో ఏళ్ల తరబడి ఎదురుచూశాను మామా. మర్నాటి పాఠం ఉప్పు మీదే చెప్పాను.

ఊరికే ఇవ్వడం లేదు. వాళ్లు నాకు ప్రశ్నలిస్తున్నారు. ఈ బేరం నాకు గిట్టుబాటే.

ఇట్లు,
మిగతా సగం కోసం చూస్తున్న అల్లుడు,
శేఖర్

తా.క.: చదవొద్దన్న ముక్క చదివేశాను, క్షమించండి. వినోద పులిహోర తింటూ మీ ఉత్తరం చదివి ఒకటే నవ్వు. ఆ చేత్తోనే ఈ కాగితం పట్టుకుంది. మూలన మరక అదే, వేరే అర్థం తీయకండి.

•

నెక్కొండ,
శనివారం

అల్లుడు శేఖర్ గారికి,

ఆశీర్వాదం ఈసారికి ఆపినం. ఇగ నుంచి మిమ్ములను మీరు అనే అంట. కోపమొస్తె నాకు మర్యాద పెరుగుతది, వినోదనడుగుండ్లి.

పసుపు చూసిన. పులిహోర అని మీరే ముందుగాల సాకు రాసిండ్లు. దొంగ సరుకు తెచ్చినోళ్లు గిట్లనే, అడగకముందె రసీదు చూపిస్తరు.

అందుకె దర్యాప్తు షురూ చేసిన. గోపాల్‌ను పక్కన కూసోబెట్టుకొని మీ పాఠాలన్ని మొదటికెల్లి చూసిన. దుకాణంల టీవీకి కలిపి వర్తక సంఘం పెద్దమనుషులకు సుత చూపించిన. ఉప్పు పాఠం కాడ కిరాణం ఉప్పలయ్యకు, బట్టల దుకాణం సమ్మమ్మకు పెద్ద లొల్లి. చీరె ధర పెంచితె ఆడోళ్లు కొనకుంట ఆగుతరా ఆగరా అని. అది వేరె సంగతి.

అసలు సంగతి పాఠాల కింద కామెంట్లల్ల దొరికింది. స్నేహలత ఎవరు? మీరు పాఠం పెట్టుడుతోనే "పొద్దున్నుంచి మీ పాఠం కోసమే ఎదురుచూస్తున్నాను సార్" అని రాస్తది. పువ్వు బొమ్మ సుత పెడుతది. పొద్దున్నుంచి ఎదురుచూసుడేంది? పువ్వేంది? నా బిడ్డ పసుపు ఎందుకు పూసిందో ఇప్పుడు తెల్సింది.

సాక్ష్యం ఉండాలెనని వీడియోలన్ని నా ఫోన్లకు దించుకున్న. కామెంట్లు సుత ఒక్కటి ఇడువకుంట ఫోటోలు తీయించిన. ఇగ ఆ చానెలే ఉండద్దని, ఫిర్యాదు బటన్ ఉంటదట గద, మా స్టేషన్ రోడ్డు దుకాణపోళ్లందరం కలిసి ఒత్తినం. ఉప్పలయ్య రెండు ఫోన్ల నుంచి ఒత్తిండు.

ఇట్లు,
వినోద తండ్రి

మళ్లా ఒక మాట: ఆ స్నేహలతను నేనే సీదా అడిగిన. ఆమె కామెంట్ కింద "ఎవరి బిడ్డవమ్మా? మీ నాయన నంబర్ ఇయ్యి, మాట్లాడాలె" అని రాసిన. జవాబు లేదు. ఇగ అనుమానం గాదు, ఖాయమే.

•

హనుమకొండ,
మంగళవారం

మామగారికి,

నమస్కారం పెట్టే ఓపిక లేదు, పెట్టినట్టే అనుకోండి.

చానెల్ మూసేశారు. గుంపుగా ఫిర్యాదులొచ్చాయట, సంగతి తేలేదాకా తెరవరట. ఎవరి పనో తెలియక తోటి లెక్చరర్లందరినీ అనుమానించాను. పాపం చైతన్యతో టీ తాగడం కూడా మానేశాను. ఇవాళ మీ ఉత్తరం అందింది.

శుక్రవారం కమిటీ కూర్చుంటుంది. వీడియోలు నా దగ్గరా ఉన్నాయి. కానీ వాళ్లు చూసేది నా ముఖం కాదు. ఎవరు చూశారు, ఏమడిగారు, చూసినవాళ్లకు ఏం ఒరిగింది అన్నది చూస్తారు. ఆ కామెంట్లన్నీ చానెల్‌తోపాటే పోయాయి. పెద్దల ముందు నిలబడి ఏమని జవాబు చెప్పుకోను? పొడిగింపు రాకపోతే మీరు చూసిన టమాటాల బేరమే నాకు బతుకుదెరువు.

స్నేహలత ఎవరో నాకు తెలియదు. ఒట్టు. మా క్లాసులో ఆ పేరుగల పిల్లే లేదు.

ఇట్లు,
శేఖర్

తా.క.: పై మాట చదివి వినోద, "క్లాసుల లేదా? మరెవరు?" అంది. మీ చలవ వల్ల ఇప్పుడు ఇంట్లోనూ అనుమానం మొదలైంది. ఈసారి మూలన పసుపు ఆమె కావాలనే పూసింది.

•

హనుమకొండ,
శుక్రవారం

మామగారికి పొర్లుదండాలు.

ఉత్తరానికి జవాబుగా ఉత్తరం వస్తుందనుకున్నాను. మీరే వచ్చారు. కమిటీ ముందు నేను ఖాళీ చేతులతో చెమటలు తుడుచుకుంటుంటే తలుపు తోసుకొచ్చి, "విచారణ చేసే పెద్దమనుషులు మీరేనా? నేను సాక్షిని. పిల్లనిచ్చిన మామను" అన్నారు. నేను రాసిన 'పెద్దల'ను మీరు పంచాయితీ పెద్దలనుకున్నారని అర్థమై, నా పని అయిపోయిందనుకున్నాను.

మీరు ఒక్కో వీడియో, దాని కింద కామెంట్ల ఫోటోలు తీసి చూపిస్తుంటే వాళ్లు కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. మధు ప్రశ్న చదివి నవ్వారు. "ఇవన్నీ మీరు చూశారా?" అని అడిగారు. మీరేమన్నారో మీకు గుర్తుందో లేదో, నాకు మాత్రం ప్రతి ముక్కా గుర్తుంది. "చూడకుంట దొంగను ఎట్ల పట్టుకుంట? మా సంఘమంత చూసింది. మేడారం జాతర ముందల మొక్కు బెల్లం ధర పెంచినా గిరాకి ఎందుకు ఆగలేదో, జాతర అయినంక తగ్గించినా ఎందుకు కదల్లేదో, ఈయన ఉప్పు పాఠం చూసినంకనే నాకు సమజైంది. అది వేరె సంగతి. ముందుగాల స్నేహలత ముచ్చట తేల్చుండ్లి!"

మధ్య కుర్చీలోని మేడమ్ కళ్లద్దాలు తీసి, "నేనే స్నేహలతను" అన్నారు.

కమిటీకి పెద్ద ఆమె, పేరు నాకూ అప్పుడే తెలిసింది. వచ్చే ఏడు రిటైరవుతారు. ఎవరికీ చెప్పకుండా నా పాఠాలు మొదటి నుంచీ చూస్తున్నారట. మీరు లేచి, ఫోన్ కూడా బల్ల మీదే మరిచి, రైలెక్కేశారు.

పొడిగింపు వచ్చింది మామా! "కాలేజీ బయట ఒక రోడ్డంతా పాఠం చూసి కొట్లాడుకుందంటే ఇంకేం కావాలి?" అన్నారు మేడమ్. వినోదకు చెబితే సంతోషంతో ఏడ్చేసింది.

ఇట్లు,
మీరు ముంచబోయి తేల్చిన అల్లుడు,
శేఖర్

తా.క.: మీ ఫోన్ ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. అందులో మేడమ్ వాళ్ల నాయన నంబరు ఎక్కించారు. "పెద్దమనిషి అడిగారు, ఇవ్వకపోతే బాగుండదు" అన్నారు.

•

నెక్కొండ,
బుధవారం

బిడ్డ వినోదకు, అల్లుడు శేఖర్‌కు పూర్తి ఆశీర్వాదం, బాకీ పడ్డ సగం సుత కలిపి.

నిన్ను మళ్లా నువ్వు అంటాన అల్లుడా, కోపం పోయిందని తెలుసుకో. సిగ్గు మాత్రం పోలేదు. బిడ్డ ఏ బాధల ఉన్నదో అని నాకు ముద్ద దిగలే. ఆ భయమే నన్ను గట్ల ఆడించింది. స్టేషన్ రోడ్డంత తిరిగి ఫిర్యాదులు వాపస్ తీసుకోమన్న. ఉప్పలయ్య రెండు ఫోన్ల నుంచి వాపస్ తీసుకున్నడు. నిన్న చానెల్ తెరిచిండ్లని గోపాల్ చెప్పిండు.

ఫోన్ అందింది. మేడమ్ వాళ్ల నాయనకు మాఫీ చెప్పుకుందామని ఫోన్ చేసిన. ఫోన్ వింటె వినని అనుకున్న. వరంగల్ కాశిబుగ్గల ఉంటడట, ముసలాయన. "అయ్యా, నేను శేఖర్ మామను" అన్ననో లేదో మీద పడ్డడు. "ఏ శేఖర్? టమాటల శేఖరా? మంచిగ దొరికినవు! నా బిడ్డ గీ వయసుల పొద్దస్తమానం ఫోన్ పట్టుకొని వాని పాఠం వాని పాఠం అంటాంది. ఎవడయ్యా వాడు? ఊరికె ఎందుకు చెప్తాండు? వాళ్ల నాయన నంబర్ ఇయ్యి, మాట్లాడాలె!"

నాకు ప్రాణం లేచొచ్చింది అల్లుడా. లోకంల నా అసొంటోడు ఇంకొకడున్నడు! శానసేపు మాట్లాడుకున్నం. పిల్లగాడు బంగారం, ఏ కిరికిరి లేదు అని నీ తరఫున నేనే జామీను ఉన్న. ఇయ్యాల్టి నుంచి ఆయన సుత నీ పాఠాలు చూస్తడట. నమ్మకం కుదిరి గాదు, నిఘా కోసం. నా ఫోన్ల పొద్దుగూకేసరికి అన్ని టమాటల బొమ్మలే.

ఇట్లు,
నీ జామీనుదారు,
మామ సాంబయ్య

మళ్లా ఒక మాట: నీ ఉత్తరం నాలుగు మూలలు ఎలుగుకు పెట్టి చూసిన. ఒక్క మరక లేదు. నా బిడ్డ పులిహోర చేసుడు ఎందుకు బందు పెట్టింది? జల్ది జవాబు రాయి.