మా మనుమరాలికి శవం పని మాన్పించుట గురించి

కొండాపూర్,
ఫిబ్రవరి 1999.

మండల విద్యాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: జమీలా ప్రాథమిక పాఠశాల మూడో తరగతి దీనియాత్ ఆటలలో నా మనుమరాలికి నోటితో చేసే పని ఇప్పించవలసినదని.

నూర్‌బాషా కాశింబీ అను నేను బాపట్లలో ముప్పై ఏళ్లు పిల్లలకు చదువు చెప్పి రిటైరైనాను. నా కొడుకు ఇక్కడ కంప్యూటర్ కంపెనీల మేడలు కట్టే చోట సూపర్‌వైజరు. మేము దూదేకుల ముస్లిములము గనుక మా ఇంట్లో మాట తెలుగే. మనుమరాలు మస్తాన్‌బీకి ఎనిమిదేళ్లు.

1. సదరు పాఠశాలలో దీనియాత్, అనగా మత విద్య, ఈ ఏడాది నుండి ఆటలుగా చెప్పుచున్నారు. నలుగురు పిల్లలు ఒక జట్టు. ఒకరికొకరు నేర్పుకోవాలి. ఒక్కరు తప్పినా జట్టంతటికీ మార్కులు పోవును. పద్ధతి మంచిదేనని నేనూ ఒప్పుకొంటిని.

2. మా పాపకు సూరాలు, అనగా ఖురాను అధ్యాయాలు, చెప్పినవన్నీ కంఠతా వచ్చును. పలుకు మాత్రం బాపట్లది. క్లాసు నవ్వినది, జట్టు ఓడినది. జట్టు నాయకురాలు తస్నీమ్, "నీకు ఉర్దూనే రాదు, సూరా ఏం చదువుతవే? దూదేకులోళ్లు పోయి దూది ఏకుకోండ్రి" అన్నది. తొమ్మిదేళ్ల పిల్ల. ఇంట్లో పెద్దల నోట విన్నదే గాని సొంత మాట కాదు.

3. ఏ నమాజు చేసి చూపాలో జట్టే ఎంచుకొనవచ్చును. అప్పటి నుండి తస్నీమ్ ప్రతి గురువారం జనాజా నమాజునే, అనగా చనిపోయినవారి కొరకు చేయు ప్రార్థననే, ఎంచుచున్నది. ముగ్గురు నిలబడి చదువుతారు. మా పాప శవమై తెల్ల దుప్పటి కింద పడుకొనును. శవం తప్పు చదవదు. జట్టు గెలుచుచున్నది.

4. టీచరు సాబెరా గారిని అడిగితిని. "ప్రతి పిల్లకూ ఒక పని దొరికిందమ్మా. మీ పాప ఎంత మంచిగ పండుకుంటదో, ఊపిరి గూడ కనపడనియ్యదు" అని మెచ్చుకొన్నారు. గెలిచిన ఖర్జూరాలు నలుగురికీ సమానంగా పంచుచున్నారు. అందులో అన్యాయం చూపలేను.

5. పాప ఇప్పుడు ఇంట్లోనూ పలకడం లేదు. అన్నానికి పిలిచినా, తిట్టినా, చెయ్యి చేసుకున్నా కళ్లు మూసుకొంటున్నది. నిన్న ఒక్కసారి నోరు తెరిచి, "మాట్లాడితే మా జట్టు ఓడిపోద్ది నాయనమ్మా" అన్నది.

6. నా కాలంలో బెత్తం ఉండేది. తప్పు చదివిన పిల్ల దెబ్బ తిని, ఏడ్చి, మళ్లీ చదివేది. ఏడవడానికైనా నోరు తెరవాలి గదా. కావున పాపకు చదివే వంతు ఇప్పించవలెను. లేదా జట్టులోంచి తీసి, ఒంటరిగా నిలబెట్టి, బెత్తంతోనైనా చదివించవలెను. రెండింటికీ నా సమ్మతి కలదు.

ఇది ఒక పిల్ల గొంతు సంగతి గనుక తమరు జాప్యం లేక చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
నూర్‌బాషా కాశింబీ

తా.క.: వార్షికోత్సవంలో మొదటి బహుమతి ఈ జట్టుకేననీ, ఇచ్చేది తమరేననీ ఆహ్వాన పత్రికలో చూశాను. ఆ రోజు వేదిక మీద ఈ ఆట చూపగానే దుప్పటి తీయించి పాపను పేరు అడగండి. నలుగురినీ వేదిక మీదే నిలబెట్టండి. తను పేరు చెప్పేదాకా ఎవరికీ బహుమతి ఇవ్వకండి. మధ్యలో నేను లేచొచ్చి తమరిని బతిమాలినా ఇవ్వకండి.