ఊరికి బయల్దేరిన పెసలు

మంగళవారం, రాత్రి

పామాయిల్ రైతుల శిక్షణకని సిటీకి వచ్చిన తమ్ముడు, మధ్యాహ్నం నాంపల్లిలో మా ఇంటికి వచ్చాడు. ఏటా భుజాన పెసల సంచి ఉండేది. ఈసారి కవర్లో నాలుగు ఎర్రటి పామాయిల్ కాయలు. ఒకటి కొరకబోతే నవ్వాడు.

"అక్కా, గవి మిల్లుకే పోతయి. తినేటియి కావు."

తోట వేసిన కొత్తలో మొక్కల మధ్య పెసలు పండించేవాడు. ఇప్పుడు మట్టలు కమ్ముకుని కింద ఎండే పడట్లేదట.

"కోతుల బాధ లేదు, మంచిగ నిద్రపోతున్న" అన్నాడు. నిజమే, ముఖం తేటపడింది. కోతులు ఏ పంటా దక్కనివ్వట్లేదని, తోట వెయ్యమని వాడి వెంటపడింది నేనే. మరి నాకెందుకీ గుబులు?

వెళ్లేముందు మెల్లగా అడిగాడు.

"అమ్మ పెసర గారెలు కావాలంటున్నది. మన దిక్కు అందరియి తోటలే అయినయి. గీడ జర కొనిస్తవా?"

ఆబిడ్స్‌లో కొని, పోయినేడు వాడు తెచ్చిన సంచిలోనే పోశాను. ముడి వేసేముందు గుప్పెడు తీసి వాసన చూశాను. మా చేను వాసన కోసం... ఏమీ లేదు.

స్టేషన్‌లో ఆ సంచిని ఎప్పటిలాగే భుజాన వేసుకున్నాడు. ఎప్పుడూ దాంతో నా వైపు నడిచొచ్చేవాడు. ఇవాళ రైలు వైపు నడిచాడు.