రంపం గార్డులో ఎవరిదో స్ప్రింగ్

నాన్నా,

నేను వచ్చేదాకా రంపం మెషిన్ ముట్టుకోకు. బ్లేడు మీది గార్డు విప్పి బల్ల మీద పెట్టాను. మరలు టీ కప్పులో ఉన్నాయి, చూడకుండా కడిగేసేవు. అన్నం వండి ఉంచాను, తినేసెయ్.

ఆ మెషిన్ మోడల్ తయారీ ఆపేశారని, గార్డులో విరిగిన స్ప్రింగ్‌కు బదులు అలాంటిదే ఇంకోటి కోసం మూడు నెలలుగా పాత సామాన్ల కొట్లన్నీ తిరిగాం కదా. ఇవాళ విప్పి చూస్తే ఆ విరిగినది అసలు కంపెనీ స్ప్రింగే కాదు. మనకు ముందు ఈ మెషిన్ వాడినాయన ఎక్కడిదో తెచ్చి, కొన వంచి, భలే కుదిర్చాడు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టైంది మన పని. స్కూటర్ స్టాండుదా, కుట్టుమిషన్‌దా? పొద్దుటి నుంచి అదే నా బుర్ర తినేస్తోంది. ముక్కలు రెండూ తీసుకుని మెకానిక్ బాబాయి దగ్గరికి వెళ్తున్నాను.

గార్డు బ్లేడు మీదికి దిగకుండా పైకెత్తి నువ్వు కట్టిన తీగ కూడా దొరికింది. అడిగితే "జాగ్రత్తగానే కోస్తున్నా తల్లీ" అంటావు. మనకు ముందు వాడినాయనా జాగ్రత్తగానే కోసి ఉంటాడు. అయినా స్ప్రింగ్ వెతుక్కున్నాడు.

మరిచిపోయాను, మెషిన్ ఫ్యూజు కోసం ఇల్లంతా వెతక్కు. పీకి నా సంచిలో వేసుకున్నాను.