ఓడిపోయే ఆటగాళ్లు

అక్కా, దగ్గు తగ్గింది, బాగానే ఉన్నాను.

బావ సైకిల్ కొట్టు అమ్మేసి, మా కంపెనీ చేసే ఫోను ఆటలో పోటీలకు తిరుగుతానంటున్నాడని రాశావు. రోజూ బావ చేతిలో ఓడేవాళ్లు మనుషులు కారు. ఆడే జనం చాలక మేం నిలబెట్టిన ఉత్తుత్తి ఆటగాళ్లు. కాస్త పోరాడి ఓడిపోయేలా వాళ్లను తయారు చేసింది నేనే. ఇది తప్పు కదా అంటే, "ఓడినవాడు రేపు మళ్లీ వస్తాడటయ్యా?" అని మా కంపెనీ పెద్దాయన నవ్వాడు.

కొట్టు మాత్రం అమ్మనివ్వకు. అమ్మ కళ్లజోడు బాగు చేయించావా? చంటిదానికి ముద్దులు.

ఫోనులో బావతో చెప్పబోతే నోరు రాలేదు. నీ పేర వచ్చినా, కార్డైతే ముందు తనే చదువుతాడని తెలిసే, కవరు మానేసి కార్డు రాశాను.

నీ తమ్ముడు