ఆ మనిషి ఉన్న ఇంట్లో పిల్లను చేసుకోం

పాతపాలెం,
విడవలూరు మండలం.

తమ్ముడు మాలకొండయ్యకు,

ఒక చేత్తో దీవించి, ఇంకో చేత్తో మొట్టబోతూ నీ అక్క పేరమ్మ రాస్తున్నది. ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం, నీ వల్ల తప్ప.

ఫోన్ చేయకుండా ఉత్తరమేందని అనుకోవద్దు. నా చెవుల సంగతి నీకు తెలుసు. ఫోన్లో నువ్వు ఏం మాట్లాడినా నాకు గాలివాన మాదిరి వినిపిస్తుంది. వీడియోలో అయితే నీ మూతి కదలడం చూసి నవ్వొస్తుంది. ఈ పూట నాకు నవ్వే ఓపిక లేదు.

నా మనవరాలు, మన సుధాకర్ కూతురు మహాలక్ష్మికి వాకాడు సంబంధం వచ్చింది. పిల్లోడు ముఖేష్, రొయ్యల మేత కంపెనీలో పని. మన పిల్లా వాడూ నెల్లూరులో ఒకే కాలేజీలో చదివినారు. వాళ్లిద్దరూ ముందే ఇష్టపడి పెద్దోళ్ల చేత అడిగించుకుంటున్నారని తెలిసినా, ఏమీ తెలియనట్టు అందరం నడుపుకొస్తున్నాం. నటన నీ ఒక్కడికే వచ్చని అనుకోవద్దు.

ఆదివారం పిల్లను చూడటానికి వచ్చినారు. మధ్యలో ఉండి మాట్లాడింది మా పాలెం ఆస్పత్రిలో నర్సమ్మ అబిగయీలు. ఆమె పుట్టిల్లు వాకాడే. పిల్లోడి అవ్వ చిట్టెమ్మ ఆ ఇంటికి పెద్ద. ఆమె ఊ అంటే ఊ. తాత ముత్యాలయ్య మోకాళ్ల నొప్పులని రాలేదు. చిట్టెమ్మ మహాలక్ష్మిని పక్కన కూర్చోబెట్టుకుని తల నిమిరింది. వంజరం చేపల పులుసు మళ్లీ పోయించుకుని తిన్నది. ఇంకేముంది, ముహూర్తాలే అనుకున్నాం. చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి పోయి వచ్చిన మనిషి మొహం మాడిపోయి ఉంది. తాంబూలం ముట్టకుండా ఆటో ఎక్కేసింది.

మర్నాడు అబిగయీలు కబురు తెచ్చింది. "ఆ మనిషి ఉన్న ఇంట్లో పిల్లను చేసుకోం" అన్నదంట.

ఏ మనిషి? నన్నూ, సుధాకర్‌నూ, కోడలినీ ఆమె ఎప్పుడు చూసిందని? మన ఇంట్లో ఆమె ముందే చూసిన మనిషివి నువ్వొక్కడివే. ముందురోజు టీవీలో నీ సినిమా వేసినారు. కట్టుకున్నదాన్ని బావిలోకి తోసి, పైనుంచి తొంగి చూసి నవ్వినావే, ఆ సినిమా. తోస్తే తోసినావు, తొంగి చూడటం దేనికిరా?

నువ్వు వెంటనే ఒక మంచివాడి వేషం వేయాలి. పిల్ల బతుకు నీ చేతిలో ఉంది.

నీ అక్క,
పేరమ్మ

తా.క. మహాలక్ష్మి దిగులుతో అన్నం మానేస్తుందేమోనని భయపడినాను. మానలేదు. కోపంతో రెండింతలు తింటున్నది. ఇప్పుడు ఇంకా భయంగా ఉంది.

*

హైదరాబాద్.

అక్కకు,

నువ్వు తిట్టినా దీవెనగానే జమ వేసుకునే తమ్ముడు మాలకొండయ్య నమస్కారాలు.

ఉత్తరం చదివి ఆ పూట డైలాగు మరిచిపోయాను. ముప్పై ఏళ్లలో ఎప్పుడూ అలా జరగలేదు. అక్కా, ఈ ముప్పై ఏళ్లలో నేను వేయని వేషం ఏముంది? మొదట్లో అన్నీ శవాలే. నాయన వెంట వేటకు పోయి, నీళ్లలో మునిగి వల విడిపించిన ఊపిరి కదా, ఎంతసేపైనా బిగబట్టేవాణ్ని. ఒక డైరెక్టరు చూసి, "వీడు కదలకుండానే ఇంత బాగా చేస్తున్నాడు, కదిలితే ఎలా చేస్తాడో" అని కానిస్టేబులు వేషం ఇచ్చాడు. తర్వాత కల్లు దుకాణం వాడు, గుడ్డి గాయకుడు, మతిమరుపు జడ్జి, హీరోలకు తండ్రి, అదే హీరోలకు మామ. మంచివాళ్లూ ఉన్నారు వాటిలో. జనానికి మాత్రం బావి ఒక్కటే గుర్తుంటుంది.

దిగులు పడకు. వచ్చే వారం విడుదలయ్యే సినిమాలో నేను గుడి పూజారిని. దిక్కులేని హీరోయిన్‌ను ఆదరించి అన్నం పెడతాను. నేను నటిస్తుంటే లైట్లు పట్టుకునేవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. చిట్టెమ్మ గారిని ఎలాగైనా ఆ సినిమాకు తీసుకుపొమ్మని నర్సమ్మ గారితో చెప్పు.

ఇట్లు పూజారి,
మాలకొండయ్య

తా.క. బావిలోకి తొంగి చూడటం నా సొంత ఆలోచన. డైరెక్టరు మెచ్చుకున్నాడు. నీకు ఇప్పటికైనా చెప్పకుండా ఉండలేకపోయాను.

*

పాతపాలెం.

పూజారి గారికి,

పేరమ్మ రాస్తున్నది. దీవెనలు ఈసారికి ఆపుకున్నాను.

అబిగయీలు పాపం సెలవు పెట్టుకుని, చిట్టెమ్మనూ ఇంట్లో అందరినీ గూడూరు హాలుకు పిలుచుకుపోయింది. మొదటి సగం చిట్టెమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటానే ఉన్నదంట. అబిగయీలు మనసులో ప్రార్థన కూడా చేసుకున్నదంట. రెండో సగంలో నువ్వు అమ్మవారి నగలు మూటగట్టుకుని గోడ దూకినావు.

బయటికి వచ్చినాక అబిగయీలు మెల్లగా కదిపి చూసింది. "సినిమా బాగుంది మే. ఆ మనిషి సంగతి మాత్రం ఎత్తొద్దు" అన్నదంట చిట్టెమ్మ. ఇంక ఏం చెప్పాలి?

ముఖేష్ రోజూ ఫోన్ చేసి మహాలక్ష్మితో, "అవ్వ కారణం చెప్పదు, మాట తిప్పదు" అని ఏడుస్తున్నాడంట. వాడు వాళ్లవ్వను కాదని రాడు. రమ్మని మన పిల్లా అడగదు. ఇద్దరూ మంచోళ్లు కావడమే వచ్చిన చిక్కు.

నిజంగా మంచివాడివిగా కనపడే వేషం ఒకటి చూడు. చివరిదాకా మంచివాడుగా ఉండాలి. మధ్యలో ఏదీ దూకకూడదు.

అక్క

తా.క. మన గంగమ్మ గుడి పూజారి నేను దణ్ణం పెట్టుకునేటప్పుడు హారతి పళ్లెం కొంచెం అవతలికి జరుపుతున్నాడు.

*

హైదరాబాద్.

అక్కకు,

మూట మోసినవాడి మనవి.

నా తప్పు లేదు. నగలను దొంగల బారి నుంచి కాపాడుతున్నావు, గోడ దూకు అని చెప్పారు. కాపాడుతున్నాననే దూకాను. ఆ తర్వాత కథ మార్చారట, నాకు చెప్పలేదు. దొంగిలిస్తున్నానని నేనూ హాల్లో కూర్చున్నాకే తెలుసుకున్నాను.

ఇప్పుడు జరిగింది విను. మొన్న ఒక పెద్ద కంపెనీ వాళ్లు పిలిచారు. సినిమా అంతటా ఉండే విలన్ వేషం. పోస్టరులో హీరో పక్కన నా మొహం వేస్తారట. ఇన్నేళ్లూ నేను పోస్టరులో ఉన్నానంటే, వెనక గుంపులో సగం చెవి కనపడేది. వినగానే ఒళ్లు ఝల్లుమంది. ఇంటికొచ్చి నీ ఉత్తరం మళ్లీ చదివాను. చేయనని చెప్పేశాను. వాళ్లు నమ్మలేదు. నేనూ నమ్మలేదు.

దానికి బదులు టీవీ సీరియల్ ఒకటి ఒప్పుకున్నాను. ఏ పాపమూ ఎరగని తాత వేషం. కోడళ్లు తిట్టినా నవ్వుతాడు, ఉన్నదంతా పంచిపెడతాడు. చేస్తున్న నాకే వాడి మీద విసుగొస్తోంది. సోమవారం నుంచి సాయంత్రాలు వస్తుంది. వాకాడులో అందరినీ చూడమను.

ఇక ఏ గోడా దూకని,
నీ తమ్ముడు

తా.క. ఆ విలన్ వేషంలో హత్య ఒక్కటే ఉంది. అదీ విశ్రాంతి తర్వాత. ఊరికే చెప్తున్నాను.

*

పాతపాలెం.

తమ్ముడికి,

నువ్వు బతికే ఉన్నావని తెలిసి, దేవుడికి దణ్ణం పెట్టి, నీకు చీవాట్లు పెట్టి రాస్తున్నాను.

ఆ తాతను వారం తిరక్కుండానే చంపేస్తారని ఒక ముక్క రాయకూడదా? శుక్రవారం టీవీలో నీ పటానికి దండ వేసి, దీపం పెట్టి, చుట్టూ ఆడోళ్లు ఏడుస్తున్నారు. నాకు మాటలు వినపడవు కదా. ముందు సీరియలే పెట్టుకున్నానో, వార్తలే వస్తున్నాయో ఆ గుండెదడలో తెలియలేదు. గుండెలు బాదుకున్నాను. పాలెం పాలెం కదిలి వచ్చింది. సుధాకర్ వల పడేసి పరిగెత్తుకొచ్చినాడు. ఒక్కొక్కరూ నీ మంచితనం చెప్పి చెప్పి ఏడ్చినారు. తాగుబోతు వేషాల్లో నువ్వు ఎంత సహజంగా ఉండేవాడివో కూడా చెప్పినారు.

మహాలక్ష్మి వచ్చి నీకు ఫోన్ చేస్తే, "బిర్యానీ తింటున్నా, తర్వాత చెయ్యమ్మా" అన్నావంట. నా ప్రాణం తిరిగొచ్చిందిరా. ఆ బిర్యానీ ఎక్కడిదో గానీ చల్లగుండాలి.

ఇంతలో ఎవరో వాకాడుకు కబురు చేరవేసినారు, పేరమ్మ ఇంట్లో చావు అని. చిట్టెమ్మ అబిగయీలుకు ఫోన్ చేసి, "ఆ మనిషేనా పోయింది?" అని అడిగిందంట. కాదు, అందరూ బాగున్నారని అబిగయీలు చెబితే, "అయితే ఇంకా ఉందా" అని పెట్టేసిందంట.

ఇంక నాకు దారి కనపడటంలేదు. ఈ ముక్క రాసి చింపి, మళ్లీ రాస్తున్నాను. పెళ్లికి నువ్వు రావని, మన ఇంటి గడప తొక్కవని వాళ్లకు మాట ఇస్తే ఒప్పుకుంటారేమో. అమ్మ పోయినప్పుడు నువ్వు నా కొంగు పట్టుకుని ఉండేవాడివి. నిన్ను రావొద్దని నేను ఎట్టా అనేది? పిల్ల మొహం చూస్తే అనకుండా ఎట్టా ఉండేది? నువ్వే చెప్పు.

నీ అక్క,
పేరమ్మ

తా.క. ఎంత కోపమున్నా, ఆమె నిన్ను "పోయింది", "ఉంది" అనడం నాకు నచ్చలేదు. నువ్వేమన్నా గేదెవా?

*

వాకాడు.

అక్కా,

ముందు కూర్చో. మంచినీళ్లు తాగు. అంతా మంచే జరిగింది. ఇప్పుడు చదువు.

అవును, వాకాడు నుంచే రాస్తున్నాను. నీ ఉత్తరం అందాక నాకు ఇంకో దారి తోచలేదు. చిట్టెమ్మ గారి ఎదుట నిలబడి, "నేను మీ కంటపడను, పెళ్లికి రాను, పిల్లను మాత్రం చేసుకోండి" అని చెప్పి వెళ్లిపోదామని వచ్చాను. దారి పొడవునా ఆ మాటే మననం చేసుకున్నాను. ఏ డైలాగూ అంత కష్టం కాలేదు.

ఆమె వాకిట్లో చేపలు ఎండేస్తోంది. నన్ను చూసి చేతిలో గంప కింద పెట్టింది.

"ఓయబ్బ! బావిలో తోసినాయన! రా అన్నా, కూర్చో! మే, కుర్చీ తీసుకురాండి!" అని ఇల్లంతా కేకలు పెట్టింది.

నాకు మతిపోయింది. "నా మీద కోపం లేదా అమ్మా?"

"నీ మీద కోపమేంది? నీ సినిమా వస్తుంటే పొయ్యి మీద కూర మాడినా నేను లేవను. తొంగి చూసినావు చూడూ, అబ్బా!"

"మరి ఆ మనిషి ఉన్న ఇంట్లో పిల్లను చేసుకోనన్నారే?"

ఆమె మొహం ముడుచుకుంది. లోపలికి ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "నీకు తెలియదేమో అన్నా. మీ అక్క ఇంట్లో పెరటి గుమ్మం పక్కన ఒక ఆడదాని పటం ఉంది. ఇంత జడ, ముక్కుకు నత్తు, రాణి మాదిరి. ఎవరని అడిగితే మీ అక్క నవ్వతా, మా ఇంటి మనిషే అనింది. వస్తా పోతా ఉంటాదా అంటే, ఎప్పటికైనా దానికి ఇదే ఇల్లు కదా అనింది."

అక్కా, నాకు అప్పుడు వెలిగింది. నీకూ ఈపాటికి వెలిగే ఉంటుంది.

ఆమె చెప్పుకుంటూ పోయింది. కొత్తగా పెళ్లయిన ఏడు జాతరకు నాటకం వచ్చిందట. అందులో రాణిని చూసి ముత్యాలయ్య వలలో చేప అయిపోయాడు. కోట, చిల్లకూరు, గూడూరు, నాటకం ఎటు పోతే అటు సైకిలు తొక్కుకుంటూ పోయేవాడట, చొక్కాకు గంజి పెట్టించుకుని. ఆ గంజి పెట్టింది ఈమే. తెలిశాక పుట్టింటికి పోయి చాన్నాళ్లు ఉండిపోయింది.

"తర్వాత ఈయన బుద్ధిగానే ఉండినాడు. నేను మరిచిపోయినాననే అనుకుంటున్నా. ఇప్పుడు ఆ ఇంటితో వియ్యమందితే పండక్కీ పబ్బానికీ ఆ మనిషి ఎదురవతాది. అప్పుడు ఈయన మొహం చూడాల్సింది నేను కదన్నా. నర్సమ్మకు ఇదంతా ఎట్టా చెప్పేది? సిగ్గు కాదా?"

ఆమె కళ్లు తడిశాయి. అంతసేపూ నవ్వు ఆపుకుంటున్నవాణ్ని కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకున్నాను.

"అమ్మా, ఆ పటంలో ఉన్నది నేనే. అప్పుడు మీసం రాలేదని నాటకం వాళ్లు నాకే చీర కట్టేవాళ్లు" అన్నాను.

"ఎగతాళి చెయ్యొద్దు అన్నా."

ఎలా నమ్మించాలి? అరవై దాటాయి, పొట్ట వచ్చింది, మీసం గుబురుగా ఉంది. భుజం మీద తువ్వాలు తీసి తలమీద ముసుగు వేసుకున్నాను. మెడ ఒక పక్కకు వంచి, గొంతు సన్నం చేసి, ఆ నాటకంలో మాట అన్నాను. "ప్రభూ, ఈ దీపం కొండెక్కకముందే తిరిగి రారూ?"

లోపల మంచం కిర్రుమంది. మోకాళ్ల నొప్పుల ముత్యాలయ్య కర్ర కూడా లేకుండా గుమ్మంలోకి వచ్చేశాడు. వాకిలంతా వెతికాడు. చేపలు, చిట్టెమ్మ, ముసుగులో నా మీసాలు. నన్ను చూసి మళ్లీ వెతికాడు.

"ఇదిగో అయ్యా నీ రాణి!" అంది చిట్టెమ్మ.

ఆయన గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. గొంతు తగ్గించి అడిగాడు. "ఎండు నెత్తళ్ల చేపలు పొట్లం కట్టి తెరవెనక పెట్టేవాణ్ని. తిన్నావా?"

"మీరేనా? తిన్నాను బావా. హార్మోనియం ఆయనకు ఇంకా ఇష్టం" అన్నాను.

చిట్టెమ్మ నవ్వడం మొదలుపెట్టింది. నేల మీద కూలబడి, చాప మీద చేపలు చెదిరిపోతున్నా పట్టించుకోకుండా నవ్వింది. మధ్యలో ఏడ్చింది, మళ్లీ నవ్వింది. "మీసాల మనిషి కోసమా నేను ఇన్నేళ్లు లోపల కుమిలింది!" అని ఆయన కాలి మీద ఒకటి వేసింది. అంత తేలికపడిన మొహం నేను ఏ సినిమాలోనూ చూడలేదు. ఎవరూ అలా నటించలేరు.

ముఖేష్‌ను పిలిపించి, మహాలక్ష్మికి ఆమే ఫోన్ చేసింది. ముహూర్తం పెట్టించడానికి గురువారం మన ఇంటికి వస్తున్నారు. నేను పెళ్లికి రాకపోతే పెళ్లే లేదట.

నన్ను రావొద్దని రాసినందుకు నువ్వు బాధపడుతుంటావు. వద్దు. "మా ఇంటి మనిషే, ఎప్పటికైనా ఇదే ఇల్లు" అన్నావట కదా. అది విన్నాక ఇంకేం కావాలి నాకు? రేపు షూటింగ్ ఉంది, గూడూరులో రైలెక్కాలి. పుట్టింటికి వచ్చిన అబిగయీలు గారు సాయంత్రం మీ పాలేనికి వస్తున్నారు. బస్టాండులో ఆమె చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

పెళ్లిలో ముందు వరుసలో కూర్చోబోయే,
నీ మాలకొండయ్య

తా.క. 1. ఆ పటం చిట్టెమ్మ గారికి కావాలట. ముత్యాలయ్య మంచానికి ఎదురుగా తగిలిస్తుందట. ఇకమీదట కళ్లు తెరిచినప్పుడల్లా చూసుకోవాలట.

తా.క. 2. ముత్యాలయ్య బస్టాండు దాకా నాతో నడిచాడు. బస్సు కోసం నిలబడ్డాక అటూ ఇటూ చూసి, "నీ పోలికతో అక్కచెల్లెళ్లు ఎవరన్నా ఉండారా?" అని అడిగాడు. ఎవరూ లేరన్నాను. నిన్ను లేకుండా చేసినందుకు ఏమీ అనుకోకు.