పడమటి గాలి, పత్తికట్టె పొగ

1955 మార్చి 29. ఎమ్మిగనూరు.

ఉదయం లేచి చూడగా గోడమీది యోగ్యతాపత్రం అద్దం మసకబారి ఉన్నది. పంచె కొంగుతో తుడిచినాను. కొంగు నల్లబడినది. బందరులో పగలంతా బియ్యపుకొట్టులో పనిచేసి, నలభై ఏళ్ళు దగ్గర పడుతుండగా రాత్రిబడిలో కూర్చుని సంపాదించిన కాగితం అది. దానిమీద మసి నిలువనీయను.

లోపలినుండి నా భార్య సుభద్ర — "ముందు నా మాత్ర ఇవ్వండి. తరువాత దాన్ని తుడుచుకుందురుగాని."

ఇచ్చినాను. నిన్న తూర్పు చేలలో పత్తికట్టె కాల్చినారు. నేను చెప్పిన ప్రకారమే.

మార్చి 31.

చావడి దగ్గర ఊరందరికీ వ్యవసాయశాఖ నోటీసు చదివి వినిపించినాను. పత్తి ఏరుట ముగిసిన చేలలో కట్టెను వేళ్ళతో సహా పీకి, అక్కడికక్కడే కుప్పవేసి, మే నెల సగమయ్యేలోగా కాల్చివేయవలెను. కాయపురుగు ఎండుకట్టెలో దాగి ఉండి, తొలకరికి మరల లేచి, కొత్త పైరును తినును. ఈ ఏడే వచ్చిన నియమం. తొందరపడక, రెండుసార్లు చెప్పినాను.

ఇక్కడి ఆడవారు కట్టెను ఇంటికి మోసి, మిద్దెలమీద వామి వేసి, ఏడాది పొడుగునా పొయ్యిలో పెట్టుకొందురు. నల్లరేగడి; చెట్టు లేదు, వేరే వంటచెరకు లేదు. అది నాకు తెలియనిది కాదు. కాని మిద్దెమీది కట్టెలోనూ పురుగు ఉండును.

కట్టె పీకే కూలి ఆడవారికి మరియమ్మ పెద్ద. ముందుకు వచ్చి — "ఇంగ పొయ్యిలోకి ఏం పెట్టల్ల సారూ? నీ నోటీసు పెట్టల్లా?"

నవ్వులు.

"నోటీసు ఒక్కటే ఉన్నది. చావడికి కావలెను" అన్నాను. మరింత నవ్వినారు.

ఏప్రిల్ 3.

పెరుగులో నల్లని పొట్టు. సుభద్ర చెంచాతో తీసి పారవేసి, మిగిలినది నాకే వడ్డించినది.

ఏప్రిల్ 6.

సుభద్రకు రాత్రి నిద్ర లేదు. దిండ్లు ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టినాను. కిటికీలకు తడిబట్ట కట్టినాను. అది తెల్లవారకమునుపే ఆరిపోయినది — ఇక్కడి ఎండలకు రాత్రికూడా తడి నిలువదు.

ఆ పొడిగాలి కొరకే కదా వచ్చినాము. బందరు డాక్టరు — "సముద్రపు తేమ ఈమె ఉబ్బసానికి పడదు, పొడి దేశానికి తీసుకుపొండి." బావమరిది — "ఆ కరువు సీమకా? అక్కడ మంచినీళ్ళైనా దొరుకుతాయా?" ఊపిరి దొరుకుతుంది అని జవాబు చెప్పి, వ్యవసాయశాఖలో ఈ ఉద్యోగం ఇక్కడికి అడిగి మరీ వేయించుకొన్నాను. నిరుడంతా ఆమెకు ఒక్కసారియైనా ఆయాసం రాలేదు. జొన్నరొట్టె తట్టుట నేర్చినది. బావమరిదికి ఆ సంగతి ప్రత్యేకముగా వ్రాయించినాను.

నిరుడు ఈ నియమం లేదు.

ఏప్రిల్ 11.

ఆదోని. పత్తి మార్కెట్టు యార్డులో బండ్లు రైలుస్టేషను దాకా నిలిచి ఉన్నవి. జిన్నింగు మిల్లుల దూది గాలిలో తేలుచున్నది. అందరి మీసాలు తెల్లనివే. ఇన్‌స్పెక్టరు గారు నన్ను కూర్చోమన్నారు. నిరుడు కూర్చోమనలేదు.

"ఎమ్మిగనూరు వైపు పని బాగా జరుగుతున్నదని విన్నాను. మే నెలలో నేనే వచ్చి చూస్తాను. ఒక్క చేను మిగలకుంటే నిన్ను ఖాయం చేయమని వ్రాస్తాను."

ఉద్యోగం ఖాయం. నా వయసువారు విశ్రాంతిని గూర్చి ఆలోచించుచుండగా నాకు ఖాయం.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఊరు ఇంకా కనబడకమునుపే పొగ కనబడినది. ఒకటి కాదు. ఏది ఎవరి చేనో చెప్పగలను. అన్నీ నేను కాల్పించినవే. వాటికి అవతల, ఎక్కడో, మా ఇల్లు.

పక్కన కూర్చున్న రైతు — "ఇదేందప్పా ఈ ఏడు, ఊరికి ఊరే కాలబెట్టినారు?"

నేను కిటికీ తలుపు దించినాను.

ఏప్రిల్ 13.

సుభద్రకు తీవ్రమైన ఆయాసం. పెదవులు నీలమైనవి. డాక్టరును పిలుచుకొని వచ్చినాను. సూది వేసినాడు. చేయి కడుగుకొంటూ — "పొగలేని చోట ఉంచండి." ఎక్కడ అని నేను అడుగలేదు. అతడు చెప్పలేదు.

ఏప్రిల్ 16.

సాలెవీధిలో, ఆరుబయట చాచిన నూలు పడుగుల పక్కన నడుచుచుండగా వెనుకనుండి — "పొగసారు పోతాండాడు. పడుగు కప్పండప్పో."

తిరిగి చూడలేదు. పంచె సర్దుకొన్నాను. చాకలి ఉతికి తెచ్చిన పంచెయే. బూడిద రంగు.

ఏప్రిల్ 20.

మరియమ్మ మధ్యాహ్నం వచ్చి అరుగుమీద కూర్చున్నది. సుభద్ర గడపలోపల. ఇద్దరికీ స్నేహం, రొట్టె నేర్పినది ఆమెయే. నేను రిపోర్టు వ్రాయుచున్నాను. మాటలు వినబడుచున్నవి.

"మాధవరంలో మా యమ్మోళ్లుండారమ్మా. ఏటి ఒడ్డు. ఆడ పత్తి లేదు, పొగ లేదు. వానలు పడేదాంకా వచ్చి ఉండు. మా యింట్లో తింటావో, నువ్వే వండుకుంటావో, నీ ఇష్టం."

"వీలుపడదు" అన్నాను, లోపలినుండే. నేను పురుగు నియమం చెప్పి కట్టె కాల్పించుచుండగా, కట్టె పోగొట్టుకొన్న కూలివారి పుట్టింటిలో నా భార్య ఉండుట సబబు కాదు.

మరియమ్మ లేచి కొంగు దులుపుకొన్నది. "సారుకు సెవులు బాగుండాయి" అన్నది సుభద్రతో.

ఏప్రిల్ 21.

నిన్నటినుండి సుభద్ర మాట్లాడలేదు. ఆయాసంవలన అనుకొన్నాను.

ఏప్రిల్ 28.

గాలి మారినది. ఇక పడమటి గాలి, వానలదాకా ఇంతే. పడమట మిగిలినది బసప్ప చేను ఒక్కటే. మా వీధి చివరి ఇల్లు మాది. ముళ్ళకంప దాటితే అతని చేనే. ఆలస్యంగా విత్తినాడు, ఇంకా పత్తి ఏరుచున్నారు. ఏరుట ముగియగానే పీకవలెను. పీకి కాల్చవలెను.

కాల్చిన పొగ మా ఇంటిలోనికే వచ్చును. వేరే దారి లేదు.

మే 5.

బసప్ప వచ్చినాడు. చెప్పులు వీధిలో విడిచి, అరుగు కింద నిలుచున్నాడు. తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకొన్నాడు. నా వైపు కాదు, గడపవైపు చూసి —

"తల్లీ, నీకు ఆయాసమంట గదా. నా సేను కాల్చను లే. ఆడోళ్లకు కట్టె ఇచ్చేస్తా, మోసుకపోతారు. ఏమంటావు?"

"నియమం అందరికీ ఒక్కటే, బసప్పా" అన్నాను. "నా ఇంటి పక్క చేనని విడువను."

అతడు తలగుడ్డ మరల చుట్టుకొన్నాడు. "సరే సారూ." చెప్పులు తొడుగుకొని వెళ్ళినాడు.

న్యాయముగానే మాట్లాడినానని తోచినది.

భోజనం దగ్గర సుభద్ర — ఆగి, ఆగి — "ఆయన అడిగింది మిమ్మల్ని కాదు. నన్ను. ఆవేళ మరియమ్మ అడిగిందీ నన్నే. మీరెందుకు జవాబు చెప్పారు?"

"నీవు మాట్లాడలేక..."

"మాట్లాడగలను. ఆలస్యంగా మాట్లాడతాను. అంతే."

అన్నం చల్లబడినది. ఇద్దరమూ తిన్నాము.

మే 6.

మాధవరం వెళ్ళుదువా అని అడిగినాను. అడుగుట మంచిదని తోచినది.

సమాధానానికి చాలాసేపు పట్టినది. కాచుకొన్నాను.

"ఊపిరి కోసం ఒకసారి ఊరు వదిలాను. ఇంక వదలను. ఊపిరి ఇక్కడే ఆడాలి."

మే 9.

అద్దం మరల మసకబారినది. తుడువలేదు. తడిబట్టలు మార్చుటతోనే సరిపోయినది.

మే 13.

బసప్ప చేనిలో కట్టె పీకుట ముగిసినది. కుప్పలు వేసినారు. మా పెరటినుండి చూస్తే మనుషులు కూర్చున్నట్లు ఉన్నవి. మరియమ్మ పని ముగించుకొని పోతూ ముళ్ళకంప అవతలినుండి — "సారూ, మా కొరివి నువ్వు పెడతావా, మమ్మల్నే పెట్టుకోమంటావా?"

ఆమె నవ్వలేదు.

మే 14.

బస్సు కండక్టరు కబురు తెచ్చినాడు. ఇన్‌స్పెక్టరు గారు రేపు మొదటి బస్సుకు వచ్చుచున్నారు. మిగిలినది ఈ ఒక్క చేనే.

సాయంకాలం చేనికి వెళ్ళినాను. జేబులో అగ్గిపెట్టె ఉన్నది. గాలి పడమటినుండి, నేరుగా, మా తలుపు మీదికి. ఆడవారు తాళ్ళు తెచ్చుకొని గట్టుమీద కూర్చున్నారు. వారిని ఎవరు రమ్మన్నారో తెలియదు. ఎవరూ రమ్మని ఉండరు. పొయ్యికి కట్టె లేదు, వచ్చినారు.

బసప్ప నా దగ్గరికి వచ్చి — "పొద్దు గూకుతాంది. ఏం జేయల్ల సారూ? కాల్చల్లా? ఈళ్లకు ఇచ్చేయల్లా?"

"అమ్మను అడుగు" అన్నాను.

"ఎవురిని?"

"మా ఇంటిలో. ఆమెను అడుగు."

అతడు తలగుడ్డ సర్దుకొన్నాడు. ఇద్దరమూ ముళ్ళకంప దాటి ఇంటికి వచ్చినాము. సుభద్ర స్తంభానికి ఆనుకొని కూర్చుని ఉన్నది. బసప్ప అడిగినాడు, ఆనాడు అడిగిన మాటే. నేను నోరు మూసుకొని నిలుచున్నాను. ఆమె ఊపిరి అందుకొనుటకు చాలా వ్యవధి పట్టినది. ఆ వ్యవధిలో నాకు మూడు నాలుగు జవాబులు తోచినవి. ఒక్కటీ అనలేదు.

"అందరి చేలూ... కాల్పించారు ఈయన. నా కోసమని ఒక్క చేను వదిలితే... రేపు ఈయన మాట ఎవరు వింటారు?"

బసప్ప — "అట్లయితే కాల్చమంటావా తల్లీ?"

"అట్లా అనలేదు. వాళ్ళ పొయ్యిలూ... ఉన్నాయి." మరల వ్యవధి. "రేపు పొద్దున... గాలి చూసి చెబుతాను."

"పొద్దున్నే ఇన్‌స్పెక్టరు వస్తాడంట తల్లీ."

"రానివ్వు. ఆయన ఎదురుగానే చెబుతాను."

బసప్ప నవ్వినాడు. నా ముఖం చూసి మానినాడు.

సుభద్ర నా వైపు చేయి చాపినది. ఏమి కావలెనో నాకు వెంటనే తెలియలేదు. తరువాత జేబులోని అగ్గిపెట్టె తీసి ఇచ్చినాను. దిండుకింద పెట్టుకొన్నది.

ఆడవారు ఇంటికి పోలేదు. తాళ్ళు తలకింద పెట్టుకొని గట్టుమీదనే పడుకొన్నారు.

మే 15. ఉదయం.

గాలి లేదు. తడిబట్ట కదలుట లేదు.

బసప్ప వచ్చి అరుగుమీద కూర్చున్నాడు. అరుగు కింద కాదు. మరియమ్మ ముళ్ళకంప దగ్గర.

లోపల సుభద్ర ఊపిరి వినబడుచున్నది — ఈల వలె, కాని సమముగా. తెల్లవారుజామున నిద్ర పట్టినది. లేపలేదు. అగ్గిపెట్టె ఆమె దిండుకిందనే ఉన్నది.

ఆదోని బస్సు హారను వినబడినది.